షిఫ్టులో చిన్న డబ్బా: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత పనిలోకి వెళ్లేవారికి

బరువు తగ్గడానికి కడుపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఆస్పత్రిలో తిండి గురించి పెద్ద చిక్కేమీ ఉండదు. నర్సు గ్లాసు అందిస్తుంది, డైటీషియన్ కాగితం రాసిస్తారు. ఇంట్లో మొదటి రెండు వారాలు కూడా ఎవరో ఒకరు చారు కాచి ఇస్తారు కాబట్టి గడిచిపోతాయి. అసలు కష్టం మళ్లీ పనిలోకి దిగిన రోజు మొదలవుతుంది. తేని జిల్లాలోని ఆండిపట్టి చుట్టుపక్కల చూడండి. సక్కంపట్టి, టి.సుబ్బులాపురం మరమగ్గాల షెడ్డులో సైరన్ మోగితేనే అన్నం. బజారు షాపులో బేరం తగ్గితేనే అన్నం. మదురైకి సుమారు 60 కిలోమీటర్లు బస్సులో వెళ్లివచ్చే గుమాస్తాకు బస్సు దిగితేనే అన్నం. అప్పటిదాకా కడుపు మాడ్చుకుని, తర్వాత పది నిమిషాల్లో క్యారేజీ ఖాళీ చేసి, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ పనిలో పడటం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆపరేషన్ అయిన కడుపు ఈ పద్ధతిని తట్టుకోలేదు.

అందుకే ఇందులో చెప్పేది ప్రధానంగా ఒక్కటే: కనీసం మొదటి మూడు నెలలు పని వేళల ప్రకారం తినడం మానండి, తినే వేళల ప్రకారం పనిని సర్దుకోండి. దీనికి ఖరీదైన వస్తువులు అక్కర్లేదు. ఉలవలు, పెసలు, గుడ్డు, వైగై చేప, పెరటి మునగాకు చాలావరకు సరిపోతాయి. కావలసింది ముందుచూపు, సూపర్‌వైజరుతో ఒక మాట, ఇంట్లోవాళ్ల సహకారం. మీ సర్జను రాసిచ్చిన కాగితానికీ ఇక్కడ చెప్పినదానికీ ఎక్కడైనా తేడా వస్తే కాగితాన్నే పాటించండి. మీ ఒంటి సంగతి తెలిసింది ఆయనకే.

లోపల ఏం మారింది

మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్‌లో కడుపును నిలువుగా కోసి, దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు. మిగిలేది సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి మొదటి నెలల్లో ఆకలి పెద్దగా వేయదు. బైపాస్‌లో కడుపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. 1966లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో మొదలుపెట్టిన పద్ధతి చాలా మార్పులతో నేటికీ నడుస్తోంది. చిన్న పట్టణంలో దొరికే చికిత్స కాదు గనుక ఆండిపట్టి వైపు నుంచి దీనికోసం మదురైకో, కోయంబత్తూరుకో వెళ్లాలి. ల్యాప్రోస్కోపీ సర్జరీలో పేరుగాంచిన సి. పళనివేలు స్థాపించిన జెమ్ హాస్పిటల్ కోయంబత్తూరులోనే ఉంది. ఆపరేషన్ అక్కడ జరుగుతుంది, కోలుకోవడం మాత్రం ఇక్కడ మన వంటింట్లో, మన పనిచోట జరగాలి.

ఏ రకమైనా మీకు తెలియాల్సిన సంగతులు మూడు. పట్టే తిండి బాగా తగ్గింది కాబట్టి తిన్న ప్రతి ముద్దలో బలం ఉండాలి. లోపల కుట్లు మానడానికి వారాలు పడతాయి కాబట్టి గట్టి తిండికి తొందరపడకూడదు. ఆకలి లేదని తినడం మానేస్తే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. మగ్గం దగ్గర నిలబడే కాళ్లకూ, బస్తా ఎత్తే భుజాలకూ ఆ కండే ఆధారం.

మొదటి ఆరు వారాలు: చారు నుంచి చేప దాకా

మొదటి ఒకటి రెండు రోజులు ఆస్పత్రిలో గుక్క గుక్కగా నీళ్లు ఇస్తారు. మందు కొలిచే చిన్న కప్పు నిండా, అంటే సుమారు 30 మిల్లీలీటర్లు, పావుగంట సేపు తాగాలి.

ఆ తర్వాత సుమారు రెండు వారాల వరకు వడగట్టిన ద్రవాలే. పెసరకట్టు, కందికట్టు, పలుచని ఉలవకట్టు, వెన్న తీసిన మజ్జిగ, మీగడ తీసిన పాలు, ఎముకలు ఉడికించి వడగట్టిన కోడి చారు. అన్నిట్లో కారం, చింతపండు బాగా తగ్గించండి. చిక్కగా కాచి తాలింపు వేసిన ఉలవచారు ఇప్పుడు వద్దు, దానికి ఇంకా సమయం ఉంది. పాలు, కట్టు మాత్రమే తాగితే మాంసకృత్తులు చాలవు. 200 మిల్లీలీటర్ల పాలలో ఉండేది సుమారు 6 గ్రాములే. రోజుకు కావలసింది 60 నుంచి 80 గ్రాములు. అందుకే ఈ దశలో డాక్టర్లు ప్రొటీన్ పొడి రాస్తారు. రాసిన పొడినే వాడండి. పిల్లల కోసం అమ్మే చాక్లెట్ రుచి పొడుల్లో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అవి దీనికి బదులు కావు.

మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి. బాగా ఉడికించి మెదిపిన పెసరపప్పు, గిలకొట్టి మెత్తగా వండిన గుడ్డు, గడ్డ పెరుగు, ముల్లు ఏరి మెదిపిన చేప, సొరకాయ, గుమ్మడికాయ. ఒక్కోసారి రెండు నుంచి నాలుగు పెద్ద చెంచాలు, అంతే.

ఐదు, ఆరు వారాల్లో మెత్తనివి. ఉడికించిన గుడ్డు, కారం తక్కువగా పెట్టిన చేపల పులుసులోని ముక్క, మెత్తని పనీరు, ఖీమాలా కొట్టి ఉడికించిన కోడిమాంసం, పప్పులో వేసి ఉడికించిన లేత మునగాకు, మెత్తని ఇడ్లీ ఒకటి. ఏడెనిమిది వారాలు దాటాక ఒక్కొక్కటే మామూలు తిండి మొదలుపెట్టాలి. ఒక రోజు ఒక కొత్త పదార్థమే. అది పడకపోతే ఏది పడలేదో వెంటనే తెలుస్తుంది. పడలేదంటే ఇక ఎప్పటికీ పడదని కాదు, రెండు వారాలాగి మళ్లీ చూడండి.

చేప గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాంసాహారులకు ఈ దశలో అంత సులభంగా అరిగే బలమైన తిండి మరొకటి లేదు. వైగై డ్యామ్ ఆండిపట్టికి దగ్గరే. అక్కడ దొరికే చేపను పులుసుగానో, ఆవిరి మీదో వండుకోండి. డ్యామ్ దగ్గర నూనెలో వేయించి అమ్మే ముక్క నోరూరించేదే, కానీ మొదటి నెలల్లో దాని జోలికి పోకండి. నూనె ఎక్కువైతే వికారం, విరేచనాలు వస్తాయి.

సంగటి మింగే అలవాటు

నాయకరాజుల కాలం నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు ఇళ్లలో రాగి సంగటి, సజ్జ సంగటి ఒంట్లో కలిసిపోయిన తిండి. సంగటిని ఎవరూ నమలరు. ముద్ద చేసి, చారులో ముంచి, నేరుగా గొంతులోకి జారవిడుస్తారు. నమిలితే పళ్లకు అంటుకుంటుందని పెద్దలే నేర్పుతారు. ఆపరేషన్ తర్వాత మొదట వదిలించుకోవాల్సిన అలవాటు ఇదే. సన్నబడిన కడుపులోకి నమలని ముద్ద వెళ్తే ఇరుక్కుంటుంది. రొమ్ము ఎముక కింద రాయి పెట్టినట్టు నొప్పి, నోట్లో నురగలాంటి లాలాజలం, చివరికి వాంతి. అన్నం ముద్ద, పరోటా, దోసె, బ్రెడ్డు కూడా అంతే. నమలకుండా మింగితే జిగురు ముద్దగా తయారై అడ్డుపడతాయి.

నమలడం మళ్లీ నేర్చుకోవడానికి ఉడికించిన గుడ్డు మంచి పాఠం. ఐదో వారంలో ఒక గుడ్డు తీసుకుని ఎనిమిది ముక్కలు చేయండి. ఒక ముక్క నోట్లో వేసుకుని చెంచా కింద పెట్టేయండి. ముక్క పూర్తిగా పిండి అయ్యేదాకా ఇరవై, ఇరవై ఐదు సార్లు నమలండి. మింగాక నిమిషం, రెండు నిమిషాలు ఆగండి. తర్వాతే రెండో ముక్క. ఇలా తింటే గుడ్డు పూర్తికావడానికి సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎక్కిళ్లు వచ్చినా, ముక్కు కారినా, రొమ్ము కింద బిగిసినట్టు అనిపించినా కడుపు నిండిందని గుర్తు. అక్కడే ఆపండి. మిగిలిన రెండు ముక్కలు పారేయడానికి మనసొప్పదు. పక్కన పెట్టి గంటన్నర తర్వాత తినండి, కానీ ఆ క్షణంలో మింగకండి.

ఇంట్లో అవ్వ ఊరుకోదు. "ఏంరా, ఇంత చిక్కిపోయినావు, ఇంకొక ముద్ద తిను" అంటుంది. ఆ ప్రేమకు కోపం తెచ్చుకోవద్దు. "అవ్వా, రెండు గంటలాగి మళ్లీ తింటాను, అప్పుడు నువ్వే పెట్టు" అనండి. నిజంగానే రెండు గంటలాగి అడిగి తినండి. వారం తిరిగేసరికి ఆమే గడియారం చూసి పిలుస్తుంది.

ఆకులో వరస మార్చండి

మన భోజనంలో అన్నం మధ్యలో కూర్చుంటుంది, కూర అంచున ఉంటుంది. సాంబారన్నం, రసమన్నం, పెరుగన్నం, పక్కన ఒక చెంచా కూర. ఇప్పుడు ఈ వరస తిరగబడాలి. మొదట చేప, గుడ్డు, కోడిమాంసం, పనీరు, గట్టిపప్పు వీటిలో ఏదో ఒకటి. తర్వాత కూరగాయ. ఇంకా చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. అన్నంతో మొదలుపెడితే నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, బలమిచ్చేది డబ్బాలోనే ఉండిపోతుంది. శాకాహారులు ఈ వరసను ఇంకా గట్టిగా పాటించాలి. పప్పుల్లో మాంసకృత్తులున్నా వాటితోపాటు పిండిపదార్థం కూడా ఎక్కువే. అందుకే పెరుగు, పనీరు, సోయా, డాక్టరు రాసిన పొడి వాళ్లకు తప్పనిసరి.

రెండు నెలలు దాటి, పగటి షిఫ్టుకు వెళ్లే మనిషికి ఒక రోజు లెక్క ఇలా ఉంటుంది.

ఉదయం 7: ఉడికించిన గుడ్డు ఒకటి, చిన్న ఇడ్లీ ఒకటి. సుమారు 8 గ్రాముల మాంసకృత్తులు.

ఉదయం 10.30: 200 మిల్లీలీటర్ల పాలలో డాక్టరు చెప్పిన పొడి అర కొలత. పొడిని బట్టి మారుతుంది గానీ సుమారు 16.

మధ్యాహ్నం 1: పిడికెడు చేప ముక్క, అంటే 75 గ్రాములు, రెండు చెంచాల పప్పు, మెత్తని కూర. సుమారు 17.

సాయంత్రం 4: మెత్తగా ఉడికిన శనగ గుగ్గిళ్లు అర కప్పు, బాగా నమిలి. సుమారు 7.

రాత్రి 7.30: పనీరు 50 గ్రాములు, కూర, చోటుంటే అర ఇడ్లీ. సుమారు 9.

పడుకునే ముందు: చక్కెర లేని పాలు ఒక గ్లాసు. 6.

మొత్తం 63. చేప తినని రోజు ఆ స్థానంలో రెండు గుడ్లు పెట్టి, పొడి కొంచెం పెంచితే లెక్క సరిపోతుంది. ఒకేసారి రెండు గుడ్లు పట్టకపోతే ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం తినండి. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు గడియారం అంకెలు మార్చుకుంటే చాలు. నిద్ర లేచిన గంటలోపు మొదటి తిండి, ఆ తర్వాత మూడు గంటలకు మించకుండా ఏదో ఒకటి. ఈ రెండూ తప్పకూడదు. షిఫ్టు వారం వారం మారే చోట మొదటి మూడు నెలలు ఒకే షిఫ్టులో ఉంచమని అడగండి.

క్యారేజీ ఎంపిక కూడా ముఖ్యమే. పాత నాలుగు గిన్నెల క్యారేజీ ఇంట్లో పెట్టేయండి. అర కప్పు పట్టే చిన్న డబ్బాలు మూడు, ఒక చిన్న చెంచా చాలు. పెద్ద గిన్నె ముందుంటే చేయి ఆగదు. షెడ్డులో వేడి ఎక్కువ కాబట్టి పాలు, పనీరు మధ్యాహ్నం దాకా నిలవ ఉండవు. పొడిని విడిగా పొట్లం కట్టి తీసుకెళ్లి, అప్పటికప్పుడు చల్లటి నీళ్లలోనో, మజ్జిగలోనో కలుపుకోండి. గుడ్డు పెంకుతోనే తీసుకెళ్లండి, తినేముందు ఒలుచుకోండి.

నీళ్లు: తిండికి దూరంగా, రోజంతా

ఆపరేషన్ అయినవాళ్లు మొదటి నెలలో మళ్లీ ఆస్పత్రి పాలయ్యే కారణాల్లో ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం ముఖ్యమైనది. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి, కానీ గటగటా తాగే వీలు లేదు. అన్నంతోపాటు నీళ్లు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి. తినేముందు కూడా పావుగంట నుంచి అరగంట ఆపేయాలి. తిండితో నీళ్లు తాగితే తిన్నది త్వరగా కిందికి జారిపోతుంది, లేదంటే కడుపు ఉబ్బి వాంతి అవుతుంది.

లెక్క వేసి చూడండి. మెలకువగా ఉండే పద్నాలుగు గంటల్లో తిండి, దాని ముందు వెనుకల విరామాలు పోగా సుమారు తొమ్మిదిన్నర గంటలు మిగులుతాయి. ఆ సమయంలో 1,600 మిల్లీలీటర్లు తాగాలంటే గంటకు సుమారు 170. ఒక గుక్క 15 మిల్లీలీటర్లు అనుకుంటే ఐదారు నిమిషాలకొక గుక్క. ఇది నీళ్లకుండ మూలన ఉండే షెడ్డులో కుదరదు. బాటిల్ మీ చేతికి అందే దూరంలో ఉండాలి. అర లీటరు బాటిల్‌పై పెన్నుతో గంట గంటకూ గీత గీసుకోండి. గీత దాటకపోతే ఆ గంట వెనకబడ్డారని అర్థం. మగ్గాల షెడ్డులో, ఎండలో పనిచేసేవాళ్లకు చెమట ఎక్కువ, వాళ్లు రెండు లీటర్ల వైపే చూడాలి. ఉప్పు చిటికెడు వేసిన పలుచని మజ్జిగ కూడా ఇందులోకే లెక్క. బీపీ మాత్రలు వాడేవాళ్లు ఉప్పు గురించి డాక్టరును అడగాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే నీళ్లు చాలలేదని గుర్తు.

దుమ్ము, పత్తినూలు పీచు గాలిలో ఉండే చోట బాటిల్‌కు మూత ఉండాలి. సోడా, కోలా, గ్యాసు ఉండే ఏ పానీయమూ వద్దు.

టీ వేళ, బజారు, పెళ్లిపంది‌రి

పదకొండు గంటలకు టీ, వడ వస్తాయి. పక్కవాళ్లు పిలుస్తారు. అప్పుడు వద్దంటే గర్వం అనుకుంటారేమో అని చాలామంది ఒక గ్లాసు పుచ్చుకుంటారు. టీ డాక్టరు సరేనన్నాకే, సాధారణంగా నెల దాటాకే. అదీ చక్కెర లేకుండా, ఐరన్ మాత్రకు రెండు గంటలు దూరంగా. టీ ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. టీ వేళకు మీ పాల డబ్బా తీసి వాళ్ల మధ్యే కూర్చోండి. కలిసి కూర్చోవడం ముఖ్యం, గ్లాసులో ఏముందన్నది కాదు.

తీపి విషయంలో గట్టిగా ఉండాలి. బైపాస్ అయినవాళ్లు ఎక్కువగా, స్లీవ్ అయినవాళ్లు కొందరు, తీపి తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో చెమట, గుండెదడ, కడుపులో మెలి, విరేచనంతో ఇబ్బంది పడతారు. దీన్నే డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, మైకం వస్తాయి. లారీ, ఆటో, బస్సు నడిపేవాళ్లకు, తిరుగుతున్న మగ్గం దగ్గర చేయి పెట్టేవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. మదురై జిగర్తండా, బెల్లం పోసిన పరుత్తిపాలు, చెరకురసం, పాయసం, తాటిబెల్లం వేసిన కాఫీ అన్నీ ఈ కోవలోవే. తాటిబెల్లం మంచిదన్న మాట ఇక్కడ పనిచేయదు, కడుపుకు అది కూడా చక్కెరే. అలాంటి మైకం వస్తే బండి పక్కకు ఆపండి, యంత్రం దగ్గర నుంచి తప్పుకోండి, డాక్టరు చెప్పినట్టు కొద్దిగా గ్లూకోజు, వెంటనే మాంసకృత్తులున్న తిండి తీసుకోండి. మళ్లీ మళ్లీ వస్తుంటే సర్జనుకు చెప్పాల్సిందే.

పెళ్లికి వెళ్లినప్పుడు ఇంట్లోనే గుడ్డో, పెరుగో తిని బయలుదేరండి. ఆకు ముందు కూర్చుంటే పప్పు, కూర కొద్దిగా వేయించుకుని, మిగతాది ముందే వద్దని చేయి అడ్డం పెట్టండి. వడ్డించాక వదిలేయడం కంటే ముందే వద్దనడం మర్యాద.

మందు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. ఇదివరకు ఏమీ చేయని గ్లాసు ఇప్పుడు మనిషిని పడేస్తుంది. తిండి మీద ఉండే ధ్యాస తాగుడు మీదికి మళ్లి వ్యసనమైనవాళ్లు ఉన్నారు. బీడీ, సిగరెట్ కుట్ల దగ్గర పుండ్లకు దారితీస్తాయి. రెండూ మానేయండి.

మాత్రలు: జీవితాంతం

చిన్నబడిన కడుపు, దారి మారిన పేగు తిండిలోని విటమిన్లను మునుపటిలా పీల్చుకోవు. కాబట్టి మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి బతికున్నంతకాలం వాడాలి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం స్లీవ్, బైపాస్ చేయించుకున్నవాళ్లకు, నెలసరి వచ్చే స్త్రీలకు ఐరన్ రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, అదీ ఒక్కసారి 600కి మించకుండా విడివిడిగా. కాల్షియం సిట్రేట్ రూపంలో ఉంటే ఖాళీ కడుపుతోనూ వేసుకోవచ్చు. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పనికి వెళ్లేవాళ్లకు సులభమైన పద్ధతి ఇది: ఉదయం టిఫిన్‌తో మల్టీవిటమిన్, మధ్యాహ్నం, సాయంత్రం కాల్షియం, రాత్రి ఐరన్, పడుకునేముందు పాలు తాగే అలవాటుంటే పాలకు రెండు గంటల ముందే. మీ మందుల చీటీ వేరుగా ఉంటే డాక్టరుతో కలిసి వేళలు సర్దుకోండి.

పెరియకుళం ఉద్యాన కళాశాలలో రూపొందిన పీకేఎం-1 మునగ రకం ఈ జిల్లా తోటల్లో పరిచితమైనదే. మునగాకు చాలా మంచి ఆకుకూర, పప్పులో తప్పక వేసుకోండి. కానీ మునగాకు తింటున్నాం కదా అని ఐరన్ మాత్ర మానకండి. ఆకులోని ఇనుము ఆ మోతాదుకు సాటిరాదు.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు ఊడవచ్చు. చాలామందిలో అది తాత్కాలికమే. మాంసకృత్తులు, ఐరన్ సరిగా అందుతున్నాయేమో చూసుకోండి. రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికొకసారి చేయించుకోవాలి. పెళ్లయిన ఆడపిల్లలు 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు. బరువు వేగంగా తగ్గే ఆ కాలంలో బిడ్డకు పోషణ చాలకపోవచ్చు.

షుగరు, బీపీ మాత్రలు పాత మోతాదులోనే మింగడం ప్రమాదం. బరువు తగ్గేకొద్దీ ఆ మోతాదు తగ్గాలి, అది డాక్టరు చూసి తగ్గించాలి. నడుం నొప్పి అంటూ మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కోవడం మగ్గాల దగ్గర మామూలే. ఇక మీద వద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు అవి కడుపులో పుండ్లు పుట్టిస్తాయి. నొప్పికి ఏం వాడాలో సర్జనును ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి.

యజమానితో ఏం మాట్లాడాలి

కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది రెండు, మూడు వారాల్లో వెళ్లగలరు. పడుగు బీములు మార్చడం, బస్తాలు మోయడం వంటి పనులకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. తొందరపడితే కోత దగ్గర హెర్నియా వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు ఇచ్చే లేఖలో మూడు మాటలు రాయించుకోండి: ఎన్ని వారాలు బరువు ఎత్తకూడదో, పనిచోట నీళ్ల బాటిల్ పక్కన ఉండాలని, రెండున్నర మూడు గంటలకొకసారి పదిహేను ఇరవై నిమిషాల విరామం కావాలని.

ఐదు గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి అన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. మీకు కావలసింది ఇంకొంచెం ఎక్కువ కాబట్టి దెబ్బలాటగా కాకుండా మాటగా అడగండి. "అన్నా, మధ్యాహ్నం అరగంటను రెండు ముక్కలు చేసి ఇవ్వండి, పని తగ్గనివ్వను" అంటే కాదనేవాళ్లు తక్కువ. ఈఎస్ఐ ఉన్నవాళ్లు సెలవుపెట్టే ముందే డిస్పెన్సరీలో అడగండి. అర్హత ఉన్నవాళ్లకు వైద్య ధ్రువపత్రంతో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. అది తెలియక మూడో వారానికే బరువు పనికి దిగినవాళ్లు ఇబ్బంది పడతారు.

అందరికీ అంతా చెప్పక్కర్లేదు. "కడుపు ఆపరేషన్ అయింది, డాక్టరు కొద్దికొద్దిగా తినమన్నారు" అంటే చాలు. కానీ పక్క మగ్గం మనిషికో, పక్క సీటు అక్కకో పూర్తిగా చెప్పి, కింద చెప్పే గుర్తులు, ఇంటి ఫోను నంబరు ఇచ్చి ఉంచండి.

ఆగకూడని గుర్తులు

కూర్చుని ఉన్నా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, ఊపిరి అందకపోవడం, నల్లటి విరేచనం, పిక్క వాచి నొప్పిపెట్టడం, రోజంతా నీళ్లు కూడా నిలవకపోవడం. వీటిలో ఏది కనిపించినా షిఫ్టు అయ్యేదాకా ఆగకండి. సర్జనుకు ఫోను చేస్తూనే దగ్గరి పెద్దాస్పత్రికి బయలుదేరండి. ఆండిపట్టి వాళ్లకు తేని దారిలో కె.విలక్కులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. డిశ్చార్జి కాగితం ఫొటో ఎప్పుడూ ఫోనులో ఉంచుకోండి. ఏ ఆపరేషనో తెలియకపోతే అక్కడి డాక్టరుకు సమయం వృథా అవుతుంది. రోజుల తరబడి వాంతులు అవుతుంటే బి1 విటమిన్ పడిపోయి చూపు మసకబారడం, నడక తూలడం, మనసు తికమకపడటం రావచ్చు. అది నరాలకు శాశ్వత నష్టం చేసే స్థితి, అదే రోజు చికిత్స అందాలి.

పనికి వెళ్లేముందు ఒక రోజు ఇంట్లోనే షిఫ్టు

పనిలో చేరాల్సిన తేదీకి రెండు మూడు రోజుల ముందు ఇంట్లోనే ఒక పూర్తి షిఫ్టు నడిపి చూడండి. షిఫ్టు వేళకు లేవండి, డబ్బాలు నింపుకోండి, బాటిల్‌పై గీతలు గీసుకోండి. పనిలో నిలబడేంతసేపు ఇంట్లో నిలబడుతూ, నడుస్తూ, బరువులేని పనులు చేయండి. విరామం వేళకే తినండి, వంటింట్లోకి మధ్యలో వెళ్లకండి. రాత్రికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. లీటరున్నర నీళ్లు లోపలికి వెళ్లాయా? మీ దశకు డాక్టరు చెప్పిన మాంసకృత్తులు అందాయా? ఒక్క వాంతి కూడా లేకుండా గడిచిందా? కళ్లు తిరగకుండా నిలబడగలిగారా?

నాలుగింటికీ అవునంటే ధైర్యంగా వెళ్లండి. ఒక్కదానికి కాదన్నా డాక్టరుతో మాట్లాడి ఇంకో వారం సెలవు అడగండి. ఒక వారం జీతం పోతే పోనివ్వండి, నీళ్లు చాలక పది రోజులు ఆస్పత్రిలో పడుకుంటే అంతకంటే ఎక్కువ పోతుంది. పనిలో చేరాక కూడా మొదటి నెల రోజులు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాతిసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఆ పుస్తకాన్ని డైటీషియన్ ముందు పెట్టండి. మీ తిండిలో ఏం మార్చాలో ఆమె దాన్ని చూసే చెప్పగలదు.